లైన్ డాన్స్‌లో గోడ మారగానే స్టెప్పులు మరచిపోతున్నాను, ఏం చేయాలి?

ప్రశ్న: మాది వరంగల్. ఇప్పుడు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నా వయసు 46. మొన్న ఆఫీసు టీమ్ అంతా కలిసి ఫోర్ట్ వర్త్ స్టాక్‌యార్డ్స్‌కి వెళ్ళాం. అక్కడి డాన్స్ హాల్లో పాట మొదలవగానే పెద్దవాళ్ళు, కాలేజీ పిల్లలు అందరూ వరసలు కట్టి ఒకేలా అడుగులు వేస్తుంటే చూస్తూ ఉండిపోయాను. దాన్ని లైన్ డాన్స్ అంటారట. నేర్చుకోవాలని గట్టిగా అనిపించింది. ఇంట్లో టీవీలో యూట్యూబ్ పెట్టుకుని ప్రయత్నిస్తున్నాను. టీవీ వైపు చూస్తున్నంతసేపు బాగానే వస్తుంది, పక్కకి తిరగగానే అంతా పోతుంది. ఏటా బతుకమ్మ ఆడతాను, తాళం తెలియనిదాన్ని కాదు. మరి ఇది ఎందుకు రావడం లేదు? నలుగురిలో తప్పు వేస్తానేమోనని టెన్షన్. మోకాళ్ళు అప్పుడప్పుడు నొప్పి పెడతాయి. మా వారికి డాన్స్ మీద ఆసక్తి లేదు. ఇవన్నీ బార్లలోనే జరుగుతాయి, నేను తాగను. ఆ కౌబాయ్ బూట్లు కొనాల్సిందేనా? ఈ వయసులో, అదీ మనవాళ్ళకి, ఇది కుదిరే పనేనా?

జవాబు: తప్పకుండా కుదురుతుందండీ. మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. టీవీ వైపు చూస్తున్నంతసేపు వస్తుంది, తిరగగానే పోతుంది అన్నారు. అంటే స్టెప్పులు మీ కళ్ళకి వచ్చాయి, కాళ్ళకి ఇంకా రాలేదు. మొదలుపెట్టిన వాళ్ళలో చాలామంది ఇక్కడే ఆగిపోయి, నాకు జ్ఞాపకశక్తి లేదు, నాకు డాన్స్ రాదు అనుకుని వదిలేస్తారు. దీనికీ జ్ఞాపకశక్తికీ సంబంధం చాలా తక్కువ. మీరు దయచేసి వదలకండి.

లైన్ డాన్స్‌లో వాల్ అంటే మనం ఎటువైపు తిరిగి డాన్స్ మొదలుపెడుతున్నామో ఆ వైపు. ఫోర్ వాల్ డాన్స్ అయితే స్టెప్పుల వరస ఒకసారి పూర్తయ్యేసరికి పావు వంతు తిరిగి ఉంటాం. మళ్ళీ అవే స్టెప్పులు, ఈసారి పక్క గోడ వైపు. నాలుగుసార్లు చేస్తే మొదటి గోడకి వస్తాం. టూ వాల్ డాన్స్‌లో ముందు గోడ, వెనక గోడ మాత్రమే. ఇంట్లో మీరేం చేస్తున్నారంటే, టీవీని గుర్తుగా పెట్టుకుని నేర్చుకుంటున్నారు. టీవీ వైపు అడుగు, సోఫా వైపు అడుగు, కిటికీ వైపు అడుగు అని మీకు తెలియకుండానే మనసులో రాసుకుపోతోంది. పావు వంతు తిరగగానే సోఫా వెనక్కి పోతుంది, కిటికీ ముందుకొస్తుంది. గుర్తులన్నీ చెరిగిపోతాయి.

అందుకే ఈ వారం టీవీ ఆపేసి సాధన చేయండి. ఒకరోజు వంటింటి వైపు తిరిగి మొదలుపెట్టండి, మర్నాడు వీధి తలుపు వైపు, ఆ మర్నాడు ఖాళీ గోడ వైపు. పాట కూడా వద్దు. నోటితో గట్టిగా లెక్క పెట్టుకుంటూ, నెమ్మదిగా. పది నిమిషాలు చాలు. కార్పెట్ మీద మాత్రం తిరిగే స్టెప్పులు వేయకండి, పాదం కదలక మోకాలు మెలిపడుతుంది. వంటింట్లో టైల్స్ మీద, కాళ్ళకి ఏదో ఒకటి వేసుకుని చేయండి. ఉత్త సాక్సులతో వద్దు, జారిపోతారు.

వీడియో చూడాల్సి వస్తే వెనక నుంచి తీసినవి ఎంచుకోండి. టీచర్ మనకి ఎదురుగా నిలబడి చెప్పే వీడియోల్లో ఆమె కుడికాలు మన ఎడమవైపు కనిపిస్తుంది. అందులో కుడి ఎడమలు తారుమారు చేసుకోవడానికే సగం బుర్ర ఖర్చవుతుంది.

బతుకమ్మ సంగతి అడిగారు కదా. అది మీకు చాలా పనికొస్తుంది. పదిమందితో కలిసి ఒకే లయలో కదలడం, ముందరి మనిషికీ మనకీ మధ్య దూరం చూసుకోవడం, చప్పట్లతో తాళం పట్టడం మీకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ బతుకమ్మ ఆడేటప్పుడు గుండ్రంగా తిరుగుతాం. ఎదుటివాళ్ళ ముఖాలూ చేతులూ ఎప్పుడూ కనబడుతూనే ఉంటాయి. ఒక్క క్షణం తడబడినా అవతలి వాళ్ళని చూసి అందుకోవచ్చు. ఇక్కడ మన ముందు కనిపించేది ఒకరి వీపు. పైగా ఆ వీపు కూడా ప్రతి గోడకీ మారిపోతుంది. ఆధారం బయట ఉండదు కాబట్టి దాన్ని ఒంట్లో పెట్టుకోవాలి.

ఆ ఆధారం బరువు. నేను కొత్తవాళ్ళందరికీ గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: ప్రతి క్షణం మీ ఒంటి బరువు ఏ కాలి మీద ఉందో తెలుసుకోండి. బరువు లేని కాలే తరవాత కదిలే కాలు. లైన్ డాన్స్‌లో స్టెప్ వేరు, టచ్ వేరు. స్టెప్ అంటే కాలు పెట్టి ఒళ్ళంతా దాని మీదకి తేవడం. టచ్ అంటే మునివేళ్ళతో నేలని తాకి, బరువు రెండో కాలి మీదే ఉంచుకోవడం. చూసేవాళ్ళకి రెండూ ఒకేలా ఉంటాయి. టచ్ చేయాల్సిన చోట పొరపాటున ఒళ్ళు అటు వాల్చారంటే, ఆ తరవాత కదలాల్సిన కాలు బరువు కింద ఇరుక్కుపోతుంది. అక్కడి నుంచి అన్నీ తప్పులే. మనం మాత్రం స్టెప్ మరచిపోయామనుకుంటాం.

ఒక డాన్స్ తీసుకుని చూద్దాం. ఎలక్ట్రిక్ స్లైడ్. 1976లో రిక్ సిల్వర్ కూర్చిన డాన్స్ ఇది. ఆయన కూర్చింది 22 కౌంట్లకి, అంటే 22 తాళం దెబ్బల లెక్కకి. జనం నోళ్ళలో, కాళ్ళలో నలిగి ఇప్పుడు పెళ్ళిళ్ళలో, పార్టీల్లో ఎక్కువగా కనిపించేది 18 కౌంట్లది. ఫోర్ వాల్. ఇలా వేయండి.

మొదట కుడివైపు గ్రేప్‌వైన్, అందరూ వైన్ అనేస్తారు. కుడికాలు పక్కకి, ఎడమకాలు దాని వెనక్కి, కుడికాలు మళ్ళీ పక్కకి, నాలుగో కౌంట్‌కి ఎడమకాలు టచ్. బరువు కుడి మీద ఉంది, ఎడమ ఖాళీ. కాబట్టి ఎడమవైపు వైన్: ఎడమ పక్కకి, కుడి వెనక్కి, ఎడమ పక్కకి, కుడి టచ్. ఎనిమిది అయ్యాయి. ఇప్పుడు కుడి ఖాళీ. వెనక్కి నడవండి, కుడి, ఎడమ, కుడి, ఎడమ టచ్. పన్నెండు. ఎడమ ఖాళీ. దాన్ని ముందుకి వేసి, కుడి టచ్. కుడిని వెనక్కి వేసి, ఎడమ టచ్. పదహారు. ఇక ఎడమకాలు ముందుకి వేస్తూ పావు వంతు ఎడమకి తిరిగి, కుడికాలితో నేలని రాసినట్టు ముందుకి తీయండి. పద్ధెనిమిది. కుడి ఖాళీగా ఉంది, కొత్త గోడ ఎదురుగా ఉంది. మొదటి స్టెప్ కుడికాలితోనే కదా, మళ్ళీ మొదలు.

చూశారా, ప్రతి ముక్క చివరా ఖాళీగా ఉన్న కాలే తరవాతి ముక్కని అందుకుంటోంది. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది పద్ధెనిమిది స్టెప్పులు కాదు. కుడికి, ఎడమకి, వెనక్కి, ముందుకీ వెనక్కీ, తిరుగు. ఇంతే. గోడ ఏదైనా ఈ వరస మారదు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది, ఎవరూ చెప్పరు. పాటలు మామూలుగా ఎనిమిది కౌంట్ల ముక్కలుగా నడుస్తాయి. ఈ డాన్స్ పద్ధెనిమిది. కాబట్టి రెండో గోడకి వచ్చేసరికి డాన్స్ మొదలు పాటలో ఎక్కడో మధ్యలో పడుతుంది. చెవి ఉన్నవాళ్ళకి, మీలా తాళం తెలిసినవాళ్ళకి, ఇది మరీ తికమక. పాట కొత్త చరణం ఎత్తుకుంటుంది, కాళ్ళు ఇంకా వెనక్కి నడుస్తుంటాయి. తప్పు మీది కాదు, ఆ డాన్స్ కట్టుబడే అంత. 32 కౌంట్ల డాన్సుల్లో ఈ బాధ తక్కువ. అందుకని నన్నడిగితే మొదటి డాన్స్‌గా క్యూపిడ్ షఫుల్ నేర్చుకోండి. 2007లో వచ్చిన పాట. కౌబాయ్ పాట కాదు గానీ ఎక్కడ చూసినా వేస్తారు. పాడేవాడే ఎటు కదలాలో చెబుతూ ఉంటాడు. ఎనిమిది కౌంట్లు కుడికి, ఎనిమిది ఎడమకి, ఎనిమిది కౌంట్లు కిక్‌లు, ఎనిమిది కౌంట్లలో నడుస్తూ పావు వంతు తిరగడం. గోడలు మారడం అనే ఒక్క విషయం ఒంటికి పట్టించడానికి ఇంతకంటే మంచిది లేదు. తరవాత ఎలక్ట్రిక్ స్లైడ్. ఆ తరవాత అచ్చమైన కంట్రీ పాటల్లోకి దిగండి.

ఇంట్లో మన తెలుగు పాటలు పెట్టుకుని సాధన చేస్తే ఏమైనా నష్టమా అంటే, ఏమీ లేదు, కానీ పాట చూసి ఎంచుకోండి. తీన్‌మార్ దెబ్బ ఉన్న పాట పెడితే లయ మూళ్ళలో లాగుతుంది, వైన్ నాలుగులో నడుస్తుంది, కాలు కుదరదు. ఒకటి రెండు మూడు నాలుగు అని సాఫీగా లెక్కపెట్టగలిగే, వేగం తక్కువ ఉన్న పాట ఏదైనా సరే.

ఇప్పుడు హాల్లో ఎక్కడ నిలబడాలో చెబుతాను. కొత్తవాళ్ళందరూ సిగ్గుతో ఆఖరి వరసకి వెళ్తారు. మొదటి గోడకి బాగానే ఉంటుంది. టూ వాల్ డాన్స్ అయితే, సగం తిరగగానే ఆఖరి వరసే మొదటి వరస అవుతుంది, మీ ముందు ఎవరూ ఉండరు. ఫోర్ వాల్‌లో కూడా ఏదో ఒక గోడకి అదే గతి. కాబట్టి సరిగ్గా మధ్యలో నిలబడండి. ఎటు తిరిగినా మీ ముందు డాన్స్ తెలిసిన మనిషి ఒకరు ఉంటారు. అడుగులు చిన్నవిగా వేయండి. పెద్ద అడుగు వేస్తే బరువు మార్చడానికి టైం పట్టి తాళం వెనకబడుతుంది, పక్కవాళ్ళని గుద్దుకుంటాం కూడా.

తప్పు వేస్తే ఏం చేయాలి? నిలబడిన చోటే కాళ్ళు లయకి కదుపుతూ ఉండండి. అందరూ తిరిగేటప్పుడు మీరూ తిరగండి. కొత్త గోడకి ఒకటో కౌంట్ రాగానే కలిసిపోండి. ఎవరికైనా నిజంగా ఇబ్బంది కలిగించేది అందరూ కుడికి వెళ్తుంటే మనం ఎడమకి వెళ్ళడం ఒక్కటే. దాన్ని తప్పించుకుంటే చాలు. మిగతా తప్పులు ఎవరి కంటా పడవు, ఎందుకంటే ఎవరి లెక్కలో వాళ్ళు మునిగి ఉంటారు. ఈ విషయంలో మీ టెన్షన్ నాకు బాగా అర్థమవుతుంది, కానీ ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు తప్పుడు గోడ వైపు తిరిగి నిలబడ్డవాళ్ళే.

వీడియోలతో కొంతవరకే వెళ్ళగలం. ఒక క్లాసు వెతుక్కోండి. చాలా డాన్స్ హాళ్ళలో సాయంత్రం బ్యాండ్ మొదలవకముందు ఒక గంట పాఠం ఉంటుంది. ఊళ్ళ రిక్రియేషన్ సెంటర్లలో, సీనియర్ సెంటర్లలో పగటిపూట క్లాసులు నడుస్తాయి. అక్కడ మందు ఊసే ఉండదు. లైన్ డాన్స్‌కి లెవెల్స్ ఉన్నాయి: యాబ్సల్యూట్ బిగినర్, బిగినర్, ఇంప్రూవర్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్. మీరు మొదటిదాన్నుంచే మొదలుపెట్టండి. బిగినర్ అని రాసి ఉన్న క్లాసులో కూడా వైన్, షఫుల్, రాక్ స్టెప్, జాజ్ బాక్స్ లాంటి మూల స్టెప్పులు తెలుసనుకునే చెబుతారు కొన్నిచోట్ల. ఏ డాన్స్‌కైనా స్టెప్ షీట్, అంటే స్టెప్పులన్నీ వరసగా రాసిన కాగితం, దొరుకుతుంది. కాపర్‌నాబ్ అనే వెబ్‌సైట్లో వేలకొద్దీ ఉన్నాయి. అందులో కౌంట్లు ఎన్ని, వాల్స్ ఎన్ని, లెవెల్ ఏమిటి అని పైనే రాసి ఉంటుంది. క్లాసు అయ్యాక ఇంటికొచ్చి షీట్ చదివితే ఇట్టే అర్థమవుతుంది. క్లాసుకి ముందే చదివితే తల తిరుగుతుంది.

బార్ల గురించి మీ సంకోచం మనలో చాలామందికి ఉన్నదే. టెక్సస్ డాన్స్ హాళ్ళ సంగతి కొంచెం వేరు. 19వ శతాబ్దంలో ఇక్కడ స్థిరపడిన జర్మన్, చెక్ కుటుంబాలు తమ ఊళ్ళలో అందరూ కలుసుకోవడానికి కట్టుకున్న హాళ్ళు చాలా ఉన్నాయి. న్యూ బ్రాన్‌ఫెల్స్‌లోని గ్రీన్ హాల్ 1878లో కట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. అలాంటి చోట్ల తాతలు మనవరాళ్ళతో డాన్స్ చేయడం మామూలు దృశ్యం. మీరు వెళ్ళిన స్టాక్‌యార్డ్స్‌లో ఉన్న బిల్లీ బాబ్స్ టెక్సస్ 1981లో తెరిచారు, ఆ భవనం ఒకప్పుడు పశువుల కొట్టం. అక్కడ బార్లు ఉన్న మాట నిజమే. కానీ డాన్స్ చేసేవాళ్ళు మంచినీళ్ళూ కోకూ తాగుతూ సాయంత్రమంతా గడపడం అక్కడ ఎవరికీ వింత కాదు. గ్లాసు మాత్రం ఫ్లోర్ మీదకి తీసుకెళ్ళకూడదు, నీళ్ళ గ్లాసైనా సరే. ఒలికితే ఎవరో ఒకరు జారిపడతారు. ఆలస్యంగా కాకుండా ఆ పాఠం టైంకే వెళ్ళి, మీకు చాలనిపించినప్పుడు వచ్చేయండి.

ఫ్లోర్ మీద ఇంకో పద్ధతి ఉంది. జంటలుగా టూ స్టెప్ చేసేవాళ్ళు అంచు వెంబడి, గడియారం ముళ్ళకి ఎదురు దిశలో తిరుగుతారు. లైన్ డాన్స్ మధ్యలో. ఆ అంచు దారికి అడ్డంగా నిలబడకూడదు. ఎవరైనా వచ్చి టూ స్టెప్ చేద్దామా అని అడగవచ్చు. అది అక్కడి మర్యాద, అందులో వేరే అర్థం వెతకనక్కర్లేదు. ఇష్టం లేకపోతే నో థ్యాంక్యూ అంటే సరిపోతుంది.

మనవాళ్ళకి ఇది కుదిరే పనేనా అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. కౌబాయ్ టోపీలు చూసి ఇది వాళ్ళ తాతముత్తాతల సొత్తు, మనం బయటివాళ్ళం అనిపిస్తుంది. చరిత్ర చూస్తే అలా లేదు. 1950ల చివర్లో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో నల్లజాతి యువత వేసిన మ్యాడిసన్ అనే వరస డాన్స్ దేశమంతా పాకింది. 1970లలో డిస్కో క్లబ్బుల్లో వరస డాన్సులు పెరిగాయి. 1980లో అర్బన్ కౌబాయ్ సినిమా, హ్యూస్టన్ పక్కన పాసడీనాలోని గిల్లీస్ క్లబ్బులో తీసింది, కంట్రీ క్లబ్బుల మోజుని ఊరూరా తీసుకెళ్ళింది. 1992లో బిల్లీ రే సైరస్ పాట ఎకీ బ్రేకీ హార్ట్‌కి మెలనీ గ్రీన్‌వుడ్ కట్టిన డాన్స్‌తో లైన్ డాన్స్ క్లాసులు కిటకిటలాడాయి. 2024లో హ్యూస్టన్ అమ్మాయి బియాన్సే టెక్సస్ హోల్డెమ్ పాటతో కంట్రీ పాటల చార్టులో మొదటి స్థానానికి చేరిన తొలి నల్లజాతి మహిళ అయింది. ఆ పాటకీ వరసలు కట్టి ఆడారు. ఇంతమంది చేతులు పడ్డ డాన్స్ ఇది, ఇంకా తయారవుతూనే ఉంది. టెక్సస్‌లో ఇల్లు కట్టుకుని, పన్ను కడుతూ, పిల్లల్ని పెంచుతున్న మీకు ఈ వరసలో చోటు ఉంది. ఆ చోటు కోసం ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

మోకాళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్త. నొప్పి తరచుగా వస్తుంటే, వాపు ఉంటే ముందు డాక్టర్‌కి చూపించుకోండి. డాన్స్‌లో మోకాలికి హాని ఎక్కువగా జరిగేది పాదం నేలకి అంటుకుని ఉండగా ఒళ్ళు తిప్పినప్పుడు. తిరిగేటప్పుడు మడమ కొద్దిగా పైకి లేపి, పాదం ముందు భాగం మీద తిరగండి. మోకాలూ కాలి వేళ్ళూ ఒకే వైపు చూస్తూ ఉండాలి. కాపర్‌హెడ్ రోడ్ లాంటి పాటలకి గట్టిగా నేలని తన్నే స్టాంపులు ఉంటాయి, మీరు మెత్తగా పెట్టండి. పూర్తి చుట్టు తిరగమన్న చోట తిరక్కుండా మామూలుగా నడిచేయవచ్చు. స్టెప్ షీట్లలో కూడా చాలాసార్లు ఇలాంటి సులువు మార్గం రాసి ఉంటుంది. వీలైతే చెక్క నేల ఉన్న చోట నేర్చుకోండి, సిమెంటు కంటే కాళ్ళకి చాలా నయం.

బూట్లు ఇప్పుడే కొనకండి. రన్నింగ్ షూస్ కూడా వద్దు, వాటి రబ్బరు అడుగు నేలని పట్టేస్తుంది, ఇందాక చెప్పిన మెలి అక్కడే వస్తుంది. ఇంట్లో ఉన్నవాటిలో అడుగు నున్నగా ఉండి, మడమని పట్టి ఉంచే చెప్పులో షూసో వేసుకోండి. రెండు నెలలు గడిచాక కూడా వెళ్ళాలనిపిస్తుంటే అప్పుడు తోలు అడుగు ఉన్న బూట్లు చూడండి. రోపర్ అనే రకం ఉంటుంది, మడమ పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది, కొత్తవాళ్ళకి అదే మంచిది. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి, సైజు సరిగ్గా తెలుస్తుంది. జీన్స్ మీద మీకు నచ్చిన టాప్ చాలు. టోపీ అక్కర్లేదు. ఇంకొకరి టోపీని మాత్రం సరదాకి కూడా ముట్టుకోకండి, చాలామంది దాన్ని అమర్యాదగా భావిస్తారు.

మీ వారిని బలవంతపెట్టకండి. లైన్ డాన్స్‌కి జోడీ అవసరమే లేదు, మీలాంటి వాళ్ళకి అది పెద్ద వరం. ఆఫీసులో మీతో వచ్చినవాళ్ళలో ఒకరినో, బతుకమ్మ ఆడే స్నేహితురాళ్ళలో ఒకరినో తోడు తీసుకెళ్ళండి. ఒకరు మరచిపోయిన ముక్క ఇంకొకరికి గుర్తుంటుంది, కారులో తిరిగొస్తూ లెక్కలు వల్లెవేసుకోవచ్చు.

ఒకటో రెండో డాన్సులు వచ్చాక హాలుకి వెళ్ళిన రోజున, మీకు తెలిసినవి వేయకుండానే సాయంత్రం గడిచిపోతుంటే ఊరికే కూర్చోకండి. పాటలు డీజే వేస్తున్నట్టయితే దగ్గరికి వెళ్ళి ఎలక్ట్రిక్ స్లైడ్ వేస్తారా అని అడగండి. కొత్తవాళ్ళు అడిగితే వాళ్ళు సంతోషంగా వేస్తారు. పాట మొదలవగానే వెనక్కి వెళ్ళకుండా, నేరుగా మధ్యలోకి వెళ్ళి కుడికాలు ఖాళీగా పెట్టుకుని నిలబడండి.